28 వేల హెడ్‌ఫోన్స్: మనం కొంటున్నది నిజంగా బాస్‌నేనా?

ఈ రోజు ఎపిసోడ్ నా ప్లాన్‌లో లేదు. ఒక మెసేజ్ వచ్చింది, దాని వల్ల చేస్తున్నాను. చదువుతాను వినండి.

"అన్నా, గట్టి బాస్ ఉండే హెడ్‌ఫోన్స్ కొందామని ఆరు నెలల నుంచి డబ్బులు దాస్తున్నా. ఇప్పటికి 28 వేలయ్యాయి. వీడియోల్లో చూశా, గుండెల్లో కొట్టినట్టు ఉంటుందంట. కొనమంటావా, వద్దంటావా? ఒక్క మాటలో చెప్పు."

ఒక్క మాటలో చెప్పలేను తమ్ముడూ. ఒక్క మాటలో చెప్తే నేను కూడా ఆ వీడియోల్లో ఒకడిని అయిపోతా. ఎందుకంటే నాలుగేళ్ల క్రితం నేనూ ఇదే పని చేశాను. ఉద్యోగంలో మొదటి బోనస్ పడింది. ఇంకో ఆలోచన లేకుండా 24 వేలు పెట్టి బాస్ హెడ్‌ఫోన్స్ తెచ్చుకున్నా. రెండు వారాలు స్వర్గం. నెల తిరిగేసరికి రోజుకి ఒక గంట. ఆరు నెలలకి డ్రాయర్‌లోకి వెళ్లిపోయాయి. ఏ కంపెనీవో చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. నేను ఏం కొంటున్నానో నాకే తెలియకుండా కొన్నా. ఆ తప్పు ఇంకొకరు చెయ్యకూడదని ఈ ఎపిసోడ్.

ముందు బాస్ అంటే ఏంటో ఒక నిమిషంలో తేల్చేద్దాం. మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుందని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాం కదా. అందులో అడుగున ఉన్న 20 నుంచి సుమారు 250 దాకా బాస్ అంటాం. దాంట్లో మళ్ళీ రెండు అంతస్తులు. 60 లోపు ఉన్నది సబ్ బాస్. అది చెవికన్నా ఒంటికి ఎక్కువ తెలుస్తుంది. థియేటర్‌లో కుర్చీ అదిరేది ఇదే. 60 నుంచి 250 మధ్యలో ఉండేది మామూలుగా మనం "బీట్" అనుకునేది. డప్పు దెబ్బలో ఉన్న బరువు, మృదంగం ఎడమ చేతి వైపు ధ్వని, డ్రమ్స్‌లో కాలితో తొక్కే కిక్ డ్రమ్, బేస్ గిటార్, అన్నీ ఇక్కడే. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది.

ఇప్పుడు ఇంకో సంగతి గమనించండి. మగవాళ్ల గొంతు మూల స్వరం మాట్లాడేటప్పుడు ఇంచుమించు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే బాస్ ఇల్లూ, గొంతు ఇల్లూ పక్కపక్కనే. గోడ కూడా ఒకటే. బాస్ పెంచేటప్పుడు ఆ పెంపు 100 హెర్ట్జ్ దగ్గర ఆగకపోతే, అది గోడ దాటి గొంతులోకి వచ్చేస్తుంది. అప్పుడు గాయకుడు బిందెలో తలపెట్టి పాడినట్టు ఉంటుంది. "బాస్ బాగుంది కానీ పాట అర్థం కావట్లేదు" అని మనం అనేది దీని గురించే. మంచి బాస్‌కీ, ఎక్కువ బాస్‌కీ తేడా అంతా ఈ గోడ దగ్గరే ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

సరే, రెండో ప్రశ్న. బాస్ పుట్టించడం ఖరీదైన పనా? వినాయక చవితి మండపం దగ్గర చూడండి, బాస్ కోసం మనిషి నడుమెత్తు పెట్టెలు, వాటిలో 18 అంగుళాల స్పీకర్లు. మరి హెడ్‌ఫోన్స్‌లో ఉన్న డ్రైవర్ ఎంత? చాలా వాటిల్లో 40 మిల్లీమీటర్లు. మన పాత ఐదు రూపాయల బిళ్ల కన్నా పెద్దదే, కానీ ఆ స్పీకర్ల ముందు చాలా చిన్నది. అది ఎలా కొడుతోంది అంత బాస్?

దీనికి సమాధానం గాలిలో ఉంది. మండపం దగ్గర స్పీకర్ వీధంతా ఉన్న గాలిని కదపాలి. స్వరం కిందికి దిగే కొద్దీ అదే శబ్దం రావడానికి ఇంకా ఎక్కువ గాలిని తొయ్యాలి. అందుకే అంత పెద్ద స్పీకర్. హెడ్‌ఫోన్స్‌లో అయితే చెవికీ డ్రైవర్‌కీ మధ్య ఉన్నది గుప్పెడు గాలి. చుట్టూ మెత్త కుషన్‌తో మూసేశారు. మూసిన డబ్బాలో గాలిని కొంచెం నొక్కినా ఒత్తిడి అమాంతం మారుతుంది. సైకిల్ పంపు చివర వేలితో మూసి తోసి చూడండి, అదే సూత్రం. కాబట్టి మూసిన కప్పులో బాస్ పుట్టించడం పెద్ద కష్టమైన పని కాదు. ఆ మూత ఊడితే మాత్రం బాస్ పోతుంది.

మీ దగ్గర హెడ్‌ఫోన్స్ ఉంటే ఇప్పుడే ఒక ప్రయోగం చెయ్యండి, వీడియో ఆపి మరీ చెయ్యండి. బాస్ బాగా ఉన్న పాట పెట్టి, కుషన్‌కీ చెంపకీ మధ్య చిటికెన వేలు దూర్చండి. బాస్ మాయం. పాట అదే, డ్రైవర్ అదే, ధర అదే. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి ఆ కళ్లజోడు కాడే చిటికెన వేలు. నాకు కళ్లజోడు ఉంది. 24 వేలు పెట్టి కొన్నాక, కళ్లజోడు తీసి వింటే ఎక్కువ బాస్, పెట్టుకుని వింటే తక్కువ బాస్. ఇది షాపులో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇయర్‌ఫోన్స్‌కీ ఇదే రూల్. డబ్బాలో వచ్చే మూడు సైజుల రబ్బరు టిప్స్‌లో మధ్యది పెట్టి ఉంటుంది, మిగతా రెండూ మనం డబ్బాతో పాటు అటక మీద పడేస్తాం. "బాస్ లేదు" అని రిటర్న్ చేసేవాళ్లు ముందు టిప్ మార్చి చూడాలి. పైసా ఖర్చు లేదు.

మరి బాస్ అంత తేలికైతే 28 వేలు దేనికి? న్యాయంగా చెప్పుకుందాం. ఎక్కువ ధరలో కొన్ని నిజమైన వస్తువులు ఉన్నాయి. ఒకటి, ఇందాక చెప్పిన గోడ. బాస్ పెంచి, గొంతు మీద పడకుండా ఆపడం. దీనికి ట్యూనింగ్ మీద పని చెయ్యాలి. రెండు, గట్టిగా పెట్టినా బాస్ చిరగకుండా ఉండటం. మూడు, నాయిస్ క్యాన్సిలేషన్. అంటే బయటి శబ్దాన్ని మైకులతో విని, దానికి సరిగ్గా ఎదురు తరంగం పుట్టించి కొట్టేయడం. నాలుగు, గంటల తరబడి పెట్టుకున్నా తల నొక్కకుండా ఉండే బిల్డ్. ఐదు, బ్యాటరీ, యాప్, కాల్స్‌లో మైకు. ఆరు, పేరు. ఈ ఆరింటికీ కలిపి మనం డబ్బు కడతాం. బాస్ అనేది ఈ బిల్లులో చిన్న ఐటమ్. అమ్మేవాళ్లు మాత్రం ఆ చిన్న ఐటమ్‌నే పెద్ద అక్షరాల్లో రాస్తారు.

ఎందుకు రాస్తారంటే, షాపులో రెండు నిమిషాల్లో అమ్ముడుపోయేది అదే కాబట్టి. ఇక్కడ మన చెవి చేసే మోసం ఒకటి ఉంది. 1933లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. మన చెవి అన్ని స్వరాలనీ సమానంగా వినదు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు బాస్ మరీ వినిపించదు. ఒక లెక్క చెప్తాను. 1,000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్ ఎంత గట్టిగా వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ దగ్గర అంతే గట్టిగా వినిపించాలంటే 60 డెసిబెల్స్ దాటాలి. వాల్యూమ్ పెంచుతూ పోతే ఈ తేడా తగ్గుతుంది. అంటే వాల్యూమ్ పెంచితే బాస్ దానంతట అదే ఎక్కువ అనిపిస్తుంది.

ఇప్పుడు షాపు సీన్ ఊహించుకోండి. ఏసీ హోరు, పక్కన టీవీల గోల. డెమో పీస్ వాల్యూమ్ ముప్పాతిక మీద ఉంటుంది. పెట్టుకోగానే ధడ్ ధడ్ అంటుంది. మన పాత ఇయర్‌ఫోన్స్ మనం సగం వాల్యూమ్‌లో విన్నవి. పోలికే తప్పు. రెండు వస్తువులని వేరే వేరే వాల్యూమ్‌లో పోల్చడం అంటే, రెండు కోడ్‌లని రెండు వేరే ల్యాప్‌టాప్‌ల మీద రన్ చేసి ఏది ఫాస్టో చెప్పడం లాంటిది. మా ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే కోడ్ రివ్యూలోనే ఆపేస్తాం. షాపులో మాత్రం కార్డు గీకేస్తాం.

సరే, ఇది నా అభిప్రాయమే అనుకోకండి. దీని మీద పరిశోధనలు ఉన్నాయి. 2017లో యెరోన్ బ్రేబార్ట్ అనే ఆయన అమెరికా ఎకౌస్టికల్ సొసైటీ పత్రికలో ఒక పేపర్ వేశారు. 283 హెడ్‌ఫోన్స్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ తీసుకుని, అంటే ఏ స్వరం ఎంత గట్టిగా వస్తోందన్న గ్రాఫ్ తీసుకుని, ధరతో పోల్చారు. పేపర్ పేరులోనే జవాబు ఉంది: రెండిటికీ సంబంధం లేదని. అంటే ధర చూసి ఆ గ్రాఫ్ ఎలా ఉంటుందో చెప్పలేం. ఒక్క జాగ్రత్త. ఆయన కొలిచింది ఆ గ్రాఫ్‌నే. సౌకర్యం, నాయిస్ క్యాన్సిలేషన్, మన్నిక ఆ లెక్కలో లేవు. కాబట్టి "ఖరీదైనవన్నీ దండగ" అని ఆ పేపర్ అనలేదు. "ధర చూసి సౌండ్ కొనకండి" అని మాత్రం మనం అర్థం చేసుకోవచ్చు.

ఇంకోటి. జేబీఎల్ బ్రాండ్ ఉన్న హర్మాన్ కంపెనీలో షాన్ ఆలివ్, ఆయన టీమ్ కొన్నేళ్లు జనంతో విని చూపించే పరీక్షలు చేశారు. ఏ బ్రాండో తెలియకుండా వినిపించి, ఏది నచ్చిందో అడిగారు. ఎక్కువ మందికి కొంచెం బాస్ పెంచిన సౌండే నచ్చింది. అంటే బాస్ ఇష్టపడటం తక్కువ రుచి ఏమీ కాదు. "ఆడియోఫైల్స్ బాస్ వినరు" అని ఎవరైనా ముఖం చిట్లిస్తే పట్టించుకోవద్దు. కానీ ఎక్కువ మందికి నచ్చింది ఓ మోస్తరు పెంపు. ఇంకా ఇంకా బాస్ కావాలన్నవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లు తక్కువ మంది. మీరు ఏ గుంపులో ఉన్నారో డబ్బు కట్టకముందే తెలుసుకోవచ్చు. ఎలాగో చెప్తాను.

దానికంటే ముందు ఒక కథ. బాస్ హెడ్‌ఫోన్స్ అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు బీట్స్. ర్యాప్ సంగీతంలో పెద్ద పేరున్న డాక్టర్ డ్రే, అప్పట్లో మ్యూజిక్ కంపెనీ నడుపుతున్న జిమ్మీ అయోవిన్ కలిసి 2006లో మొదలుపెట్టారు. మొదటి హెడ్‌ఫోన్స్ 2008లో, మాన్‌స్టర్ కంపెనీతో కలిసి తెచ్చారు. అప్పటిదాకా చాలామందికి హెడ్‌ఫోన్స్ అంటే ఫోన్ డబ్బాలో ఉచితంగా వచ్చే వస్తువు. వీళ్లు దాన్ని మెడలో వేసుకునే వస్తువుగా మార్చారు. 2014లో యాపిల్ 3 బిలియన్ డాలర్లకి ఆ కంపెనీని కొనేసింది.

ఆ తర్వాతి ఏడాది ఒక వార్త తెగ తిరిగింది. అమెరికాలో ఒక సంస్థ బీట్స్ హెడ్‌ఫోన్స్ విప్పి చూసి, లోపల విడిభాగాల ఖరీదు 17 డాలర్ల లోపే, పైగా బరువుగా అనిపించడానికి లోహపు ముక్కలు పెట్టారు అని రాసింది. అందరూ షేర్ చేశారు. తర్వాత తేలిందేంటి? వాళ్లు విప్పింది నకిలీ పీస్! మళ్ళీ అసలు పీస్ తెచ్చి విప్పితే వాళ్ల లెక్క 20 డాలర్ల దగ్గర వచ్చింది. నేను దీంట్లోంచి రెండు నేర్చుకున్నా. ఒకటి, విప్పి లోపల చూసినవాళ్లకే నకిలీ పోల్చుకోవడం కుదరలేదు. సగం ధరకి "ఒరిజినల్ అన్నా" అంటూ ఆన్‌లైన్ గ్రూపుల్లో అమ్మేవాడి దగ్గర కొనేముందు మనమెంత? రెండు, విడిభాగాల ఖరీదు చూసి మోసం అనడం కూడా తప్పే. దోసెలో పిండి ఖరీదు ఎంత, హోటల్‌లో దోసె ఎంత? మధ్యలో జీతాలు, అద్దె, డిజైన్, ప్రకటనలు, లాభం ఉంటాయి. దోసె నాకు నచ్చిందా లేదా అన్నదే ప్రశ్న.

అందుకే నేను ఇంట్లో ఒక పరీక్ష పెట్టా. సైన్స్ కాదు, సరదాగానే, కానీ నాకు కళ్లు తెరిపించింది. డ్రాయర్‌లోంచి నా 24 వేలవి తీశా. పక్కన 1,800 పెట్టి కొన్న వైర్ హెడ్‌ఫోన్స్. నలుగురు ఫ్రెండ్స్‌ని పిలిచి, కళ్లకి గుడ్డ కట్టి, నేనే తలకి పెట్టి వినిపించా. బరువు బట్టి కొంచెం తెలిసిపోతుంది, ఒప్పుకుంటా.

మొదటి రౌండ్, ఖరీదైనవి కొంచెం గట్టిగా పెట్టా. నలుగురికి నలుగురూ "ఇవే సూపర్" అన్నారు. రెండో రౌండ్, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో రెండిటి వాల్యూమ్ ఇంచుమించు సమానం చేసి, చవకవాటికి ఈక్వలైజర్‌లో బాస్ కొంచెం పెంచా. ఇద్దరు ఇవి, ఇద్దరు అవి. మూడో రౌండ్, ఫ్యాన్ ఫుల్ స్పీడ్, పక్కన మిక్సీ ఆన్ చేసి, ఖరీదైన వాటిలో నాయిస్ క్యాన్సిలేషన్ వేశా. మళ్ళీ నలుగురూ ఖరీదైన వాటికే ఓటు. మూడు రౌండ్లూ కలిపి చూస్తే నాకు అర్థమైంది: నా 24 వేలలో నిజంగా పనిచేసింది నిశ్శబ్దం. నేనేమో బాస్ అనుకుని కట్టా.

ఆ ఈక్వలైజర్ సంగతి చెప్తా, ఎందుకంటే మీరు ఏ గుంపో తెలుసుకునే ఉచిత దారి ఇదే. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్ ఉంది, విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. ఆటో ఈక్యూ అని ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఒకటి ఉంది, వేల మోడల్స్‌కి సెట్టింగ్స్ రెడీగా పెట్టారు. మీ మోడల్ అందులో లేకపోయినా ఫర్వాలేదు. దాదాపు 100 హెర్ట్జ్ కింద ఉన్న భాగాన్ని 5 డెసిబెల్స్ పెంచండి. 100 పైన ముట్టుకోకండి, అదే మన గోడ. తర్వాత ప్రీయాంప్ అని ఉంటుంది, దాన్ని మైనస్ 5 పెట్టండి.

ఈ మైనస్ ఎందుకో ప్రోగ్రామర్లకి వెంటనే తెలుస్తుంది. డిజిటల్ ఆడియోలో ఒక గరిష్ఠ సంఖ్య ఉంటుంది, దాన్ని దాటి రాయలేం. పాట ముందే ఆ గీత దాకా వచ్చి ఉంటుంది. దాని మీద మీరు 5 పెంచితే తల నరికినట్టు అక్కడే కత్తిరించేస్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటాం, చెవికి చిరిగినట్టు వినిపిస్తుంది. "నా ఫోన్‌లో బాస్ బూస్ట్ వేస్తే బర్ర్ అంటోంది" అంటే చాలాసార్లు కారణం ఇదే. ముందు మొత్తం తగ్గించి, తర్వాత బాస్ పెంచితే చోటు ఉంటుంది. ఇంకో లెక్క: 6 డెసిబెల్స్ పెంచడం అంటే ఆ భాగానికి నాలుగు రెట్లు పవర్ కావాలి. కాబట్టి చిన్న డ్రైవర్‌ని 12, 15 డెసిబెల్స్ పెంచమని హింసించకండి.

వారం రోజులు అలా వినండి. "చాలు, ఇదే నాకు కావాల్సింది" అనిపిస్తే మీ డబ్బు మిగిలింది. "ఇంకా కావాలి, నాకు కుర్చీ అదరాలి" అనిపిస్తే మీరు నిజమైన బాస్ ప్రేమికులు. మీ కోసమే కొన్ని కంపెనీలు ప్రత్యేకంగా చేస్తున్నాయి. స్కల్‌క్యాండీ క్రషర్‌లో చెవి దగ్గర వణికే భాగమే ఒకటి ఉంది, దానికి పక్కన స్లైడర్. సోనీ వాళ్లు 2024లో తెచ్చిన అల్ట్ వేర్‌లో బాస్ కోసం విడిగా ఒక బటన్ పెట్టారు, రెండు స్థాయిలు. ఇలాంటి వాటిలో మంచి విషయం ఏంటంటే, వద్దనుకున్నప్పుడు తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు కొంచెం సీరియస్ మాట. మా పెదనాన్న ఊళ్లో మైక్ సెట్ నడిపేవారు. పెళ్లిళ్లు, జాతరలు, రాములవారి కల్యాణం, అన్నిటికీ ఆయనే. ఆయన చెవికి ఏ బాక్స్ సరిగ్గా పలకట్లేదో వీధి చివర నుంచి తెలిసేది. రాత్రిళ్లు ఆ బాక్సుల పక్కనే కుర్చీ వేసుకుని నిద్రపోయేవారు. ఇప్పుడు ఆయనకి బాస్ బాగానే వినిపిస్తుంది. లారీ వస్తే తెలుస్తుంది. మనవరాలు మాట్లాడితే మాత్రం "ఏంటమ్మా?" అని రెండుసార్లు అడుగుతారు. ఎందుకంటే గట్టి శబ్దం ముందుగా దెబ్బతీసేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. పిల్లల మాటల్లో స, త, క లాంటి హల్లులు తెలియాలంటే ఆ పై భాగమే కావాలి. అలా పోయిన వినికిడి తిరిగి రాదు.

బాస్‌తో దీనికి సంబంధం ఏంటంటే, బాస్ చాల్లేదనిపించినప్పుడు మనం చేసే మొదటి పని మొత్తం వాల్యూమ్ పెంచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇలా ఉంది: 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగం అవుతుంది. 90 దగ్గరికి వచ్చేసరికి వారానికి 4 గంటలే. వారానికి, రోజుకి కాదు. కాబట్టి బాస్ కావాలంటే బాస్ మాత్రమే పెంచండి, లేదా బయటి గోల తగ్గించండి. వాల్యూమ్ పెంచకండి.

ఈ మాట దగ్గరే నాకు ఆ తమ్ముడు గుర్తొచ్చాడు. తనతో ఫోన్‌లో మాట్లాడా. "ఎక్కడ వింటావ్?" అని అడిగా. కంపెనీ బస్సులో అన్నాడు. ఉప్పల్ నుంచి పటాన్‌చెరు వైపు, నైట్ షిఫ్ట్, వెళ్లి రావడానికి రోజుకి మూడు గంటలు. ఇంజిన్ పక్క సీటు. ఇప్పుడు ఏ ఇయర్‌ఫోన్స్ అంటే ఆరొందలవి, ఒక చెవి టిప్ ఊడిపోయింది. "వాల్యూమ్ ఎంత పెడతావ్?" అంటే "ఫుల్లే అన్నా, అయినా బాస్ రాదు" అన్నాడు.

ఇక్కడ మొత్తం కథ తిరిగిపోయింది చూడండి. బస్సు ఇంజిన్ హోరు ఎక్కడ ఉంటుంది? కింది స్వరాల్లో. అంటే సరిగ్గా బాస్ ఉన్న చోటే. ఆ హోరు పాటలోని బాస్‌ని కప్పేస్తోంది. పైగా టిప్ లేదు, అంటే మూత లేదు. తనకి బాస్ లేక కాదు, ఉన్న బాస్ వినిపించట్లేదు. తను వెతుకుతున్నది గుండెల్లో కొట్టే హెడ్‌ఫోన్స్ అనుకుంటున్నాడు. తనకి కావాల్సింది బస్సు హోరు తగ్గించే వస్తువు. నాయిస్ క్యాన్సిలేషన్ బాగా పనిచేసేది కూడా ఇలాంటి ఆగకుండా మోగే కింది హోరు మీదే. ఈ రోజు అది 5, 6 వేలలో ఇయర్‌బడ్స్‌లో పనికొచ్చేంత బాగానే దొరుకుతోంది. రోజుకి మూడు గంటలు ఫుల్ వాల్యూమ్. ఇంకొన్నేళ్లు ఇలాగే సాగితే మా పెదనాన్న పక్కన కుర్చీ వేసుకోవాల్సి వస్తుంది. ఆ మాటే తనకి చెప్పా.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే 28 వేలవి వేస్టా అన్నా?" అన్నాడు. వేస్ట్ అనలేదు. లెక్క వేద్దాం అన్నా. 28 వేలవి నాలుగేళ్లు వస్తాయనుకో, నెలకి 583 రూపాయలు. వైర్‌లెస్ వాటిలో బ్యాటరీ చాలా మోడల్స్‌లో మనం సొంతంగా మార్చుకోలేం, కాబట్టి నాలుగేళ్లు మించి లెక్క వెయ్యొద్దు. 6 వేలవి రెండేళ్లు వచ్చాయనుకో, నెలకి 250. తేడా నెలకి 333. ఆ తేడాకి నీకు ఏం వస్తుంది? మెత్తటి కుషన్లు, ఇంకా మంచి నిశ్శబ్దం, పెద్ద బ్యాటరీ. అవి నీకు రోజుకి మూడు గంటలు పనికొస్తాయంటే, నీ జీతానికి అది బరువు కాదంటే, కొనుక్కో. అది తప్పు కాదు. కానీ బాస్ కోసం మాత్రం కొనకు. ఇంకా ఈఎంఐ మీద అయితే అసలు వద్దు.

ఖరీదైనవి ఎవరికి సరిపోతాయో నా అభిప్రాయం చెప్తాను. రోజూ బస్సు, మెట్రో, విమానాల్లో గంటలు గడిపేవాళ్లకి. ఆఫీసులో ఐదారు గంటలు తలకి పెట్టుకుని కూర్చునేవాళ్లకి. ఈక్వలైజర్‌తో వారం విన్నాక కూడా ఇంకా బాస్ కావాలన్నవాళ్లకి. ఎవరికి వద్దు? ఇంట్లో ప్రశాంతంగా ఒక గంట వినేవాళ్లకి. బండి నడుపుతూ వినేవాళ్లకి అయితే ఏ ధరలోనూ వద్దు, దయచేసి.

కొనాలని నిర్ణయించుకుంటే, షాపుకి ఈ ఐదు మాటలు రాసుకుని వెళ్లండి. ఒకటి, మీ పాట మీ ఫోన్ నుంచే పెట్టండి, డెమో పాట వద్దు. గొంతూ బాస్ గిటారూ రెండూ స్పష్టంగా ఉన్న పాట అయితే మేలు. నేను ఇళయరాజా గారి పాత పాటలు వాడతాను, ఆయన బేస్ గిటార్ వరుస గొంతు పక్కనే విడిగా నడుస్తుంది. గొంతు బిందెలోకి వెళ్లిందా, వెంటనే దొరికిపోతుంది. రెండు, వాల్యూమ్ తగ్గించి వినండి. తక్కువలో కూడా బాస్ ఉందా, గొంతు తేటగా ఉందా చూడండి. మూడు, కళ్లజోడుతోనే పెట్టుకోండి. నాలుగు, ఇరవై నిమిషాలు తియ్యకండి. సేల్స్‌మ్యాన్ చూస్తే చూడనివ్వండి. మన ఎండల్లో, రోహిణి కార్తెలో చెవి మీద ఈ కుషన్ ఎలా ఉంటుందో ఏసీ షాపులో రెండు నిమిషాల్లో తెలియదు. నావి డ్రాయర్‌లోకి వెళ్లడానికి సగం కారణం చెమటే. ఐదు, కుషన్లు విడిగా దొరుకుతాయా, ఎంత అని అడగండి. చెమటకి ఆ రెక్సిన్ పొరలు పొరలుగా ఊడుతుంది. కుషన్ చిరిగితే మూత పోయినట్టే, మూత పోతే బాస్ పోయినట్టే.

చివరికి తమ్ముడు ఏం చేశాడంటే, ముందు 50 రూపాయలు పెట్టి కొత్త టిప్స్ వేయించుకున్నాడు. మొన్న మెసేజ్ పెట్టాడు: "అన్నా, అదే ఇయర్‌ఫోన్స్, ఇప్పుడు బీట్ తెలుస్తోంది. వాల్యూమ్ కూడా సగానికి దించా. నాయిస్ క్యాన్సిలేషన్‌వి జీతం పడ్డాక చూస్తా. 28 వేలు బ్యాంకులోనే ఉన్నాయి, ఇంకా ఆలోచిస్తున్నా." ఆలోచించు తమ్ముడూ. అది నీ డబ్బు, నీ చెవులు. ఏది కొన్నా ఏం కొంటున్నావో తెలిసి కొను, అంతే.

ఇయర్‌ఫోన్స్ ఉన్నవాళ్లు ఈ రాత్రి అటక మీద ఉన్న డబ్బా దించి, మిగతా రెండు టిప్స్ ఒకసారి మార్చి వినండి. తేడా వచ్చిందో లేదో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్కారం.